ప్రాథమిక పాఠశాలలలో చిత్రలేఖనము

నాలుగైదేండ్ల బిడ్డ చేతికి సుద్దముక్క చిక్కినచో మొదట చేయు పని బొమ్మ గీయుట. అక్షరము నేర్పువా రుండినగాని రాదు. బొమ్మ నేర్పువారు లేకయే వచ్చును. గోడమీదను, అరుగుమీదను, తండ్రిగారి లెక్కలపుస్తకపు అంచులమీదను గుండ్రని తలలును, కఱ్ఱలవంటి కాళ్లును గల మనుష్యులు వెలయుదురు. ఇంటిలోనివారు గోడ పాడయ్యెనని కసరుదురు. బడిలో చేరిన పిమ్మట ఉపాధ్యాయుడు పలక పాడయ్యెనని కసరును. కొన్ని యేండ్లకు బిడ్డ గీయుట మానివేయును. పదియేండ్లు నిండునప్పటికి "నాకు బొమ్మలు రావు" అని తానే చెప్పుకొనును. చెప్పకయే వచ్చిన విద్య యొకటి చదువుల బడిలో చేరినందువలన పోవుట వింత గాదా? ఈ నష్ట మెట్లు కలిగెనో, దానిని నివారింప నే దేశమున నెవ్వ రేమి చేసిరో, చరిత్రమును బట్టి విచారించుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

"బొమ్మలు కూడు పెట్టునా?" అని మన గృహస్థు లడుగుదురు. ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరాదు. ఏలయన, బొమ్మలు కూడు పెట్టునను సమాధానముతోనే చిత్రలేఖనము పందొమ్మిదవ శతాబ్దమున దొరతనపు బడులలో ప్రవేశించినది. ఆ సమాధానమే దానిని చెఱచినది.

మన పూర్వులు చిత్రకళను తక్కువగా చూచినవారు కారు. వాత్స్యాయనుడు అఱువదినాలుగు కళలను లెక్కించుచు గీతము, వాద్యము, నృత్యము అను మూటి వెంబడి నాలుగవదిగా ఆలేఖ్యమును చెప్పెను. నాగరకుని గదిలో వీణతోపాటు చిత్రఫలకమును, రంగుకుంచెల పెట్టెయు నుండవలెనని వ్రాసెను. కాళిదాసుని దుష్యంతుడు శకుంతలను పోగొట్టుకొన్న పిదప ఆమె చిత్తరువును తన చేతితోనే గీసి, అందింకను వ్రాయవలసిన మాలినీనదిని, హంసలను తలచుకొనును. భవభూతి యుత్తరరామచరితమున మొదటి యంకమంతయు చిత్రదర్శనమే. విష్ణుధర్మోత్తరమున వజ్రమహారాజు ప్రతిమాలక్షణము తెలుపుమని యడుగగా, చిత్రము తెలియనివానికి ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియనివానికి చిత్రము తెలియదనియు మార్కండేయుడు బదులు చెప్పును. కళ లన్నియు నొక్క తీగెకు కాచిన కాయలని మనవారెఱుగుదురు.

అయినను ఈ విద్య రాజులకును, నాగరకులకును, కులవృత్తిగా గలవారికిని దక్కినదేకాని ఊరి పిల్లలందఱకు నందినది కాదు. శ్రీకాళహస్తిలో కలముతో బట్టలపై పురాణకథలు వ్రాయువారును, చేర్యాలలో కథకులకు పటములు వ్రాయు నకాషీలును, కొండపల్లిలో పొణికికఱ్ఱను బొమ్మలుగా చెక్కువారును తమ తమ బిడ్డలకు ఇంటనే పని నేర్పుకొనిరి. చదువుకొన్న కులములవారు చేతిపనిని నీచముగా నెంచిరి. అందువలన చదువుకొన్నవాని చేతికి గీత దూరమయ్యెను. గీత నేర్చినవాని చేతికి చదువు దూరమయ్యెను. ఇది మన సంఘమున జరిగిన గొప్ప యపచారములలో నొకటి. దీనిని గూర్చి సంస్కర్తలును తగినంతగా మాటలాడలేదు.

ఇంటింటను నొక చిత్రపాఠశాల మాత్రము మానక నడచుచుండెను. అందు తల్లి యుపాధ్యాయిని, వాకిలి పలక, ముగ్గుపిండి బలపము. ఏడెనిమిదేండ్ల బాలిక తల్లి ప్రక్కన కూర్చుండి 15 చుక్కలు పెట్టి, సందుచుక్కగా 8 వఱకు తగ్గించుచు పోవుట నేర్చును. తరువాత మెలికముగ్గు నేర్చును. అందు గీత యొక్కొక్క చుక్కను చుట్టి, తన్ను తాను దాటుచు, తుదకు మొదలుపెట్టిన చోటికే రావలెను. ధనుర్మాసమున నెలదినములు దినమున కొక క్రొత్త ముగ్గు. పండుగ వెళ్లునప్పుడు రథము ముగ్గు. తెలంగాణమున బతుకమ్మ పేర్చునప్పుడు తంగేడు పసుపుప్రక్కన రంగులద్దిన గునుగును వరుసలుగా నమర్చుటలో బాలికలు వన్నెల పొందికను నేర్చుకొందురు. లెక్క, కొలత, ఎడమకుడుల సమత, చేతి నిలుకడ, రంగుల యెఱుక ఇన్నియు నందు గలవు. దీనిని విద్య యని మాత్రము ఎవ్వరును పిలువలేదు. ఆడవారి పని గనుక బడిలోనికి రానీయలేదు. మగపిల్లవానిని ముగ్గుదరికి పోనీయలేదు.

వీథిబడిలో పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దెడివాడు. ఈ యిసుకకు గొప్ప చరిత్ర గలదు. 1789లో మదరాసు ఎగ్మూరునందలి సైనికుల యనాథబాలుర శాలకు అధ్యక్షుడైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఇచ్చటి పిల్లలు నేలపై నిసుకలో అక్షరములు దిద్దుట చూచి ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టెను. 1797లో తన ప్రయోగమును గూర్చి ఇంగ్లండున పుస్తకము ప్రకటించెను. అటుపిమ్మట ఆ దేశపు బీదబడులలోను ఇసుకబల్లలు వెలసెను. మన వీథిబడి యిసుక సముద్రములు దాటినది. కాని అందు అక్షరము దిద్దించుటయే కాని, పిల్లవాని యిష్టమువచ్చిన యావునో చెట్టునో గీయనిచ్చుట బడిపని యని ఇచ్చటను తలపలేదు, అచ్చటను తలపలేదు.

చిన్నపిల్లల చదువులో చిత్రలేఖనమునకు చోటు కావలెనని నవీనకాలమున గట్టిగా వాదించినవారిలో ముఖ్యుడు స్విట్జర్లండు దేశీయుడగు పెస్తలోజీ (1746–1827). చదువునకు మూలము మాట కాదు, చూపు అని ఆయన సిద్ధాంతము. వస్తువును కంట చూచి, చేత తాకి, మనసున నిలుపుకొన్న పిమ్మటనే దాని పేరు సార్థకమగునని ఆయన చెప్పెను. వ్రాతకంటె ముందు గీత నేర్పవలెననెను. ఇంతవఱకు మంచిదే. కాని చూపునకును ఓనమాలుండవలె నని తలచి, తన సహాధ్యాపకుడగు బుస్ తోడ్పాటుతో 1803లో ఒక పుస్తకము వెలువరించెను. అందు సరళరేఖ, కోణము, చతురస్రము, వృత్తభాగము వరుసగా నున్నవి. పిల్లవాడు వీనిని నేర్చిన పిదపగాని గుఱ్ఱమును గీయరాదు. ఆయన హృదయము పిల్లవాని పక్షముననే యుండెను. ఆయన పుస్తకము మాత్రము పిల్లవాని చేతికి గుఱ్ఱమునకు బదులు గీతల నిచ్చెను.

ఈ గీతలు పెస్తలోజీ యెన్నడును తలపని పనికి పిదప నుపయోగపడెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు వర్తకులకు దిగులు పట్టుకొనెను. యంత్రములలో వారిదే పైచేయి. కాని బట్టలమీది పూవుల సొగసులో ఫ్రెంచివారు మించిపోవుచుండిరి. 1835లో పార్లమెంటు విచారణసంఘమును నియమించెను. 1837లో దొరతనమువారు డిజైను పాఠశాలను తెఱచిరి. 1851 నాటి గొప్ప ప్రదర్శనము వెంబడి, 1852లో కళాశిక్షణశాఖ హెన్రీ కోల్ అధీనమున నేర్పడెను. ఆయన తోడివాడగు రిచర్డ్ రెడ్‌గ్రేవ్ ఇరువదిమూడు మెట్లుగల శిక్షణక్రమమును నిర్మించెను. అచ్చుబొమ్మను చూచి బాహ్యరేఖ గీయుట, పిదప నీడ వేయుట, పిదప సున్నపుబొమ్మను గీయుట, ఇట్లు మెట్లెక్కవలెను. తన కన్నులతో లోకమును చూచి గీయుట చాల పైమెట్టు. వేలకొలది పిల్లలు మొదటి మెట్లమీదనే బాల్యము గడపిరి. డికెన్సు 1854లో ప్రకటించిన 'హార్డ్ టైమ్స్' నవలలో ఒక దొరతనపు టుద్యోగి తరగతిలో నిలిచి, గోడకాగితముపై గుఱ్ఱపుబొమ్మ లుండవచ్చునా, తివాచీమీద పూవు లుండవచ్చునా యని పిల్లలను గద్దించును. పూవులు చూచుటకు బాగుండునన్న బాలికను కసరును. ఆ హాస్యము కోల్ పక్షమువారికే తగిలినది.

ఆ మార్గమే అమెరికాకును పోయెను. మాసచూసెట్సు రాష్ట్రము 1870లో పదివేల జనసంఖ్యకు మించిన పట్టణములు పారిశ్రామిక చిత్రలేఖనము నేర్పవలెనని శాసించి, మఱుసటియేట ఇంగ్లండునుండి వాల్టర్ స్మిత్ అను శిక్షకుని పిలిపించుకొనెను. మన మదరాసులో అలెగ్జాండర్ హంటర్ అను వైద్యుడు 1850లో కళాశాలను స్థాపించెను. పిదప అది దొరతనమువారి శాల యయ్యెను. కలకత్తా, బొంబాయి శాలలును ఆ దశాబ్దముననే పుట్టినవి. హంటరు కుండలు, ఇటుకలు, చెక్కడములు మున్నగు చేతిపనులను బాగుచేయ నెంచెను, అది సదుద్దేశమే. కాని అచ్చటినుండి మన హైస్కూళ్లకు ప్రాకివచ్చిన 'డ్రాయింగు' మాత్రము ఇరువదిమూడు మెట్లలోని మొదటి మెట్టే. నల్లబల్లమీద మేష్టరు జాడీ గీయును. ఏబదిమంది యా జాడీని గీయుదురు. లోయరు, హయ్యరు అను పరీక్ష లేర్పడెను. రబ్బరుతో చెఱిపి చెఱిపి కాగితము చిరుగువఱకు మేష్టరు గీత కలియవలెను. మామిడిచెట్టు క్రింద కూర్చుండిన పిల్లవానిచేత, కిటికీవైపు చూడనీయక, నల్లబల్లమీది మామిడికాయను గీయించిన బడులను ఎఱుగనివారు మనలో నరుదు.

ఇట్లు కూడు పెట్టు విద్యగా బడిలోనికి వచ్చిన చిత్రలేఖనము పిల్లవాని కన్నులను మూసినది. ఆ కాలముననే రస్కిన్ పండితుడు దీనిని నిరసించెను. 1857లో ప్రకటించిన చిత్రలేఖన గ్రంథపు పీఠికలో, చిన్న బిడ్డకు క్రమశిక్షణ వలదనియు, చేతికందిన కాగితముమీద ఇచ్చవచ్చినట్లు గీసికొననిండనియు ఆయన చెప్పెను. గీయుట చూచుటకొఱకేకాని చూచుట గీయుటకొఱకు కాదని ఆయన మతము. ఆయన మాట కార్యరూపము దాల్చుటకు నలువదియేండ్లు పట్టెను.

మార్పు బడులనుండి రాలేదు, గోడలనుండి వచ్చినది. ఇటలీ దేశమున బొలోన్యా పట్టణములో కొర్రాడో రిచ్చి యను కళాచరిత్రకారుడు వానకు తడియకుండ నొక మండపము క్రిందికి పోయి, అచ్చటి గోడలపై పిల్లలు గీసిన బొమ్మలను తీఱికగా చూచెను. పెద్దవారి చిత్రములను పరిశీలించుటలో నాఱితేఱిన ఆ కన్నులకు అం దొక క్రమము కనబడెను. 1887లో 'పిల్లల కళ' యను చిన్న పుస్తకమును ప్రకటించెను. పిల్లల బొమ్మలను తప్పులుగా గాక, బొమ్మలుగా పరిశీలించిన తొలి గ్రంథములలో నది యొకటి.

పిదప ఆస్ట్రియా రాజధానియగు వియెన్నాలో ఫ్రాంజ్ చిజెక్ (1865–1946) వచ్చెను. ఈయన బొహీమియానుండి 1885లో చిత్రకళ నేర్వ వచ్చిన పేదవిద్యార్థి. ఒక వడ్రంగి యింట నద్దెకుండెను. ఆ యింటి పిల్లలు ఆయన గదిలోనికి వచ్చి రంగులడిగి తమ బొమ్మలు తాము వేసికొనెడివారు. చిజెక్ వారి చేతిని పట్టలేదు, ఊరక చూచుచుండెను. చూడగా చూడగా, పెద్దవారు మఱచిన యేదో యొక శక్తి ఆ బొమ్మలలో గలదని ఆయనకు తోచెను. 1897లో పిల్లలకొఱకొక తరగతి తెఱచెను. అందు చూచి గీయుటకు అచ్చుబొమ్మ లేదు, పరీక్ష లేదు. కాగితములు, రంగులు, కత్తెర, చెక్క, మట్టి యుండెను. తాను పిల్లలకు పాఠము చెప్పుటలేదనియు, మూత తీయుచున్నాననియు ఆయన భావము. 1920లో ఆ పిల్లల చిత్రములు ఇంగ్లండున ప్రదర్శింపబడెను. మొదటి మహాయుద్ధమున నోడి, యాకలితో నలమటించుచున్న దేశపు పిల్లల కొఱకు విరాళములు పోగుచేయుట దాని యుద్దేశము. చూడవచ్చిన యుపాధ్యాయులు విరాళమిచ్చి, పాఠము తీసికొనిపోయిరి. ఆ తరగతి 1938లో మూతపడెను. అప్పటికి దాని విత్తనములు పెక్కు దేశములలో మొలచియుండెను.

ఇచ్చట నొక సందేహము. పిల్లల బొమ్మలలో కొలతలు తప్పు, దూరము తప్పు, ఇల్లు మూసియుండగా లోని మంచము కనబడును. ఇట్టివానిని దిద్దకుండుట ఉపాధ్యాయధర్మమా? దీనికి ఫ్రెంచి విద్వాంసుడగు లూకె 1927లో ప్రకటించిన గ్రంథమున మంచి సమాధానము గలదు. చిన్నబిడ్డ తాను చూచుచున్నదానిని గీయడు, తన కెఱుకయైనదానిని గీయును. ఇంటిలో మంచ మున్నదని వానికి తెలియును. గోడ యడ్డమువచ్చిన మాత్రమున దానిని మానడు. బండికి నాలుగు చక్రములున్నవని తెలియును, నాలుగును గీయును. ఇది తెలివిలేమి గాదు, తెలివియొక్క యొక దశ. ఏండ్లు పెరిగినకొలది చూపు, ఎఱుక రెండును కలిసికొనుటకు పిల్లవాడు తానే పాటుపడును. మన చేర్యాల పటమును చూడుడు. అందు రాజు పెద్దగాను, భటులు చిన్నగాను, ఇల్లు ఎదుటినుండియు, లోపలినుండియు ఒకేసారి కనబడుదురు. దానిని గొప్ప కళయని మెచ్చుకొనుచు, ఆ పనినే చేసిన బిడ్డను తప్పుపట్టుట న్యాయమా?

అయినను ఊరకుండుటయే బోధన యని యనుకొనరాదు. ఇంగ్లండున మారియన్ రిచర్డ్‌సన్ (1892–1946) అను నుపాధ్యాయిని ఈ లోపమును తీర్చెను. డడ్లీ పట్టణపు బాలికల బడిలో నామె పిల్లలను కన్నులు మూసికొమ్మని, తాను చూచిన వీథినో, అంగడినో, వెన్నెల రాత్రినో మాటలతో వర్ణించి చెప్పెడిది. మనసులో బొమ్మ నిలిచిన పిదప కన్నులు తెఱచి గీయవలెను. ఒక్క మాటనుండి ముప్పదిమందికి ముప్పది చిత్రములు పుట్టెడివి. 1917లో రోజర్ ఫ్రై యను విమర్శకుడు వానిని లండనున ప్రదర్శించెను. 1930లో నామె లండను నగరసభవారి బడులకు చిత్రకళా పరీక్షాధికారిణి యయ్యెను. 1938లో ఆ నగరపు పిల్లల చిత్రముల ప్రదర్శనము జరిగెను. ఈ పద్ధతికి కథ చెప్పనేర్చిన నోరు చాలును. వెల యేమియు లేదు. కథలకు పేరుపడిన మన దేశమున నిది సాగకపోవుటకు కారణము లేదు. ఆసియాలోనే జపానున యమమోతో కనాయె యను చిత్రకారుడు, ప్రభుత్వపు అచ్చుబొమ్మల పుస్తకములను వదలి పిల్లలు స్వేచ్ఛగా గీయవలెనని వాదించి, 1919లో నాగానో ప్రాంతపు ప్రాథమిక పాఠశాలలో వారి చిత్రములను ప్రదర్శించెను. ఒక పల్లెబడినుండియే యొక దేశపు ఆలోచన మారనారంభించినది.

మన దేశమున ఈ మార్గమును తెఱచినవాడు రవీంద్రుడు. 1901లో శాంతినికేతనమున పిల్లల బడి పెట్టెను. 1919లో కళాభవనమును స్థాపించెను. నందలాల్ వసువు దానిని నడపెను. బడిపిల్లలు ఋతువుల పండుగలకు నేలపై ముగ్గులు వేయుటయు, చెట్ల నీడలో కూర్చుండి చూచినదానిని గీయుటయు చదువులో భాగమే యయ్యెను. రవీంద్రుడు వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులనే రూపములుగా మార్చుచు మార్చుచు, అఱువదియేండ్లు దాటిన పిదప చిత్రకారుడై, 1930లో పారిస్‌లో ప్రదర్శన మొనర్చెను. గీత పట్టుటకు వయసు అడ్డుగాదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

తెలుగునాట ఆ తరముననే మంచి ప్రారంభము జరిగెను. రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడగు ఆస్వల్డ్ కూల్డ్రే దొర తానును చిత్రకారుడు. దామెర్ల రామారావునందును, అడవి బాపిరాజునందును గల నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. రామారావు బొంబాయిలో చదివి వచ్చి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాసమితిని నెలకొల్పి, 1925లో నిరువదియెనిమిదవ యేటనే మశూచికమున మరణించెను. బందరు జాతీయకళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళ నేర్పెను. ఇవి యన్నియు మనకు గర్వకారణములే. కాని యొక్క మాట చెప్పక తప్పదు. ఈ యుద్యమము కళాశాలల గుమ్మముకడ మొదలై అచ్చటనే నిలిచెను. గురువు దృష్టి ఇద్దఱు ముగ్గురు యువకులపై పడిన మాత్రమున ఇంత ఫలము గలిగెను. ప్రాథమిక పాఠశాలలో ఎందఱి చేతులు గుర్తింపులేక మూలపడినవో ఎవ్వరు చెప్పగలరు?

1937 అక్టోబరున వార్ధాలో గాంధీమహాత్ముని యధ్యక్షతను విద్యాసభ జరిగెను. జాకీర్ హుసేన్ సంఘము సిద్ధపఱచిన యేడేండ్ల పాఠ్యక్రమమున వడకుట మున్నగు చేతిపని మూలముకాగా, మాతృభాష, గణితములతోపాటు చిత్రలేఖనమును చేర్చిరి. చదువుకొన్నవాని చేతికిని, పనిచేయువాని చేతికిని గల గోడను పడగొట్టుటకు జరిగిన ప్రయత్నములలో నిది గొప్పది. 1944లో శాంతినికేతనమున చదివిన దేవీప్రసాదుడు సేవాగ్రామమునకు వచ్చి, 1962 వఱకు పల్లెపిల్లలతో చిత్రలేఖనము సాగించెను. కళ విద్యకు అలంకారము గాదు, పునాది యని తన యనుభవములను పిదప గ్రంథముగా వ్రాసెను. ఆయన సేవాగ్రామమున కూడబెట్టిన యనుభవము దేశమంతట వ్యాపించి యుండినచో మన బడుల రూపు వేఱుగా నుండెడిది.

స్వాతంత్ర్యానంతరము మంచిమాటలకు కొదువలేదు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక పదవ తరగతివఱకు కళలను తప్పనిసరి విషయముగా నుంచుమనెను. 2020 నాటి విద్యావిధానము కళలను తక్కిన పాఠములతో మేళవింపుమనెను. 2024లో మూడవ తరగతికి 'బాంసురీ' యను కళల పుస్తకమును జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి వెలువరించెను. ఇవి సంతోషకరములే. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలును చూడుడు. ఆఱు మొదలు ఎనిమిది తరగతులుగల బడిలో నూఱుమందికి మించి పిల్లలున్నచో కళావిద్యకు అల్పకాలిక బోధకు డుండవలెనని యందు గలదు. ఒకటి మొదలు అయిదు తరగతులకు అట్టి నియమము లేదు. ఏ వయసున బిడ్డ తనంత తాను గీయునో ఆ వయసున బోధకుడు లేడు. గీయుట మానివేసిన పిదప వచ్చును. ఇది మొక్క యెండిన పిదప నీరు మోయుట గాదా?

ఇంకొక యపాయము గలదు. కళను పాఠములతో మేళవించుట యను పేరున, సామాన్యశాస్త్ర పుస్తకములోని పూవుభాగములను చూచి గీయించి దానినే కళావిద్య యని లెక్క వ్రాసికొను బడులు గలవు. ఇది యిరువదిమూడు మెట్ల పద్ధతియే వేషము మార్చి వచ్చుట. బొమ్మలు గీసిన పిల్లలకు లెక్కలు బాగుగా వచ్చునని ఆశపెట్టువారును గలరు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు 'ప్రాజెక్టు జీరో'లో ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండు అను విదుషులు అంతవఱకు జరిగిన పరిశోధనల నన్నిటిని కూర్చి పరీక్షించి, చిత్రకళ నేర్చినందువలననే చదువులోను, లెక్కలలోను మార్కులు పెరుగునని చెప్పుటకు ఆధారము లేదని 2000లో ప్రకటించిరి. కళాభిమానులు కొందఱు వారిపై కోపించిరి. అయినను వా రంతటితో నాగక, చిత్రకళాతరగతులలో పిల్లలు నిజముగా నేమి నేర్చుచున్నారో చూచి, 2007లో తోడివారితో కలిసి ఒక గ్రంథము వెలువరించిరి. నిదానించి చూచుట, లేనిదానిని మనసున ఊహించుట, కష్టమైనను పట్టు విడువకుండుట, తన పనిని తాను విమర్శించుకొనుట మున్నగు ఎనిమిది యలవాట్లను వారు పేర్కొనిరి.

మేము చెప్పదలచిన సారాంశ మిదియే. చిత్రలేఖనము మఱియొకదానికి సేవకురాలుగా బడిలో ప్రవేశించినప్పుడెల్ల, అది నేతమిల్లుకైనను సరే, పరీక్షకైనను సరే, గణితపు మార్కులకైనను సరే, పిల్లవాని చూపు చచ్చినది. పిల్లవాని చూపుకొఱకే ప్రవేశించినప్పుడు బ్రదికినది. చూచుట నేర్చినవాడు చిత్రకారుడు గానక్కఱలేదు. వాడు రైతైనచో ఆకుమీది తెగులును ముందు కనిపెట్టును. వైద్యుడైనచో రోగి ముఖమును చూచును. గృహస్థుడైనచో తన వీథి మురికిని సహింపడు. చదువురాక తరగతిలో వెనుకబెంచీన కూర్చుండు పిల్లవాడు బొమ్మవేళ ముందుకు వచ్చుటను మేము పలుమాఱు చూచితిమి. వానికి తా నొక మనుష్యుడనను ధైర్యము బడిలో మొదట నచ్చటనే కలుగును. కూటికంటె నిది తక్కువదా?

దీనికి ధనము విశేషముగా నక్కఱలేదు. వారమునకు రెండు అరగంటలు చాలును. వార్తాపత్రిక కాగితము, పొయ్యిలోని బొగ్గు, సుద్ద, పసుపు, జాజు, ఇటుకపొడి, ఆకుపసరు ప్రతి యూరను దొరకును. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద బొమ్మ గీయకుండుటయే మొదటి నియమము. ఊరి సంతను గూర్చియో, తొలకరి వానను గూర్చియో మాటలతో చెప్పి గీయనిచ్చుట రెండవది. పిల్లవాని గీతమీద ఎఱ్ఱసిరా పెట్టకుండుట, మార్కు లీయకుండుట మూడవది. గీసినవి యన్నియు, బాగున్నవి మాత్రమే గాక, గోడకు అంటించుట నాలుగవది. ముగ్గును బడిలోనికి తెచ్చి మగపిల్లలకును నేర్పుట అయిదవది. ఊరికి దగ్గఱనున్న శిల్పమునో, నేతగానినో, కుమ్మరినో పిల్లలకు చూపి, వారిని గురువులుగా పిలిచి గౌరవించుట ఆఱవది. ఈ చివరిదానివలన చేతిపనియందలి తక్కువచూపు కొంతవఱకైనను తొలగును.

ఇండ్లలో తల్లిదండ్రులు చేయవలసినది ఇంతకంటె సులభము. బిడ్డ కాగితము తెచ్చి చూపినప్పుడు, "ఇది గుఱ్ఱమా, కుక్కయా?" అని నవ్వకుడు. "ఏమి గీసినావు నాయనా? చెప్పు" అని యడుగుడు. వాడు చెప్పు కథలో ఆ బొమ్మకంటె పెద్ద బొమ్మ కనబడును. ఇంటి గోడలలో నొక గోడను బిడ్డకు వదలుడు. వెల్ల వేయుట యేటి కొకసారి చేయు పనియే. గోడ మరల తెల్లనగును. మానివేసిన చేయి మరల గీత పట్టుట మాత్రము అంత సులభము గాదు.